భాష నేర్చుకునే హక్కు: రాజధానికి ఆవల

కొత్త దేశంలో కాలుపెట్టిన మనిషికి ముందుగా ఏం కావాలని అడిగితే ఇల్లు, పని, వీసా అని చెప్తాం. భాష అని చెప్పం. అది దానంతట అదే వస్తుందనీ, ఇరుగుపొరుగుతో మాట్లాడుతూ ఉంటే నోరు తిరుగుతుందనీ అనుకుంటాం. మరి ఇరుగుపొరుగుతో మాట్లాడే వీలే లేని స్త్రీ సంగతేమిటి? దక్షిణ కొరియాలో సియోల్‌కు దూరంగా, పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ బతుకుతున్న విదేశీ స్త్రీలకు ఇది రోజువారీ సమస్య. "ఇక్కడ కొరియన్ ఎక్కడ నేర్పుతారు?" అని వాళ్లు అడిగినప్పుడు, ఏదో చిరునామా అడుగుతున్నట్టు వినిపిస్తుంది. నిజానికి వాళ్లు అడుగుతున్నది ఒక హక్కు గురించి.

కొరియా జనాభా సుమారు 5 కోట్ల 10 లక్షలు. అందులో సగానికి పైగా సియోల్, ఇంచియాన్, గ్యోంగీ కలిసిన రాజధాని ప్రాంతంలోనే ఉన్నారు. చదువు, వైద్యం, ఉద్యోగం ఎటు పోగుపడితే భాషా పాఠాలూ అటే పోగుపడ్డాయి. సియోల్‌లో యాన్సే విశ్వవిద్యాలయం 1959 నుంచే విదేశీయులకు కొరియన్ నేర్పుతోంది. ప్రాంతీయ విశ్వవిద్యాలయాల్లోనూ ఇప్పుడు భాషా సంస్థలున్నాయి. అయితే మామూలుగా వాటి పద్ధతి ఒకటే. పది వారాలు, రెండువందల గంటలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ నాలుగు గంటలు. ఒక్కో విడతకు రుసుము పదిలక్షల వన్‌ల పైమాటే. ఇది చదువుకోవడానికే వచ్చిన యువతీయువకుల కోసం వేసిన లెక్క. పసిబిడ్డ ఉన్న తల్లికీ, కోళ్ల ఫారంలో పనిచేసే కూలికీ ఆ లెక్కలో చోటు లేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడం న్యాయం కాదు. 2006లో పెళ్లి చేసుకుని వచ్చిన విదేశీ స్త్రీల కుటుంబాల కోసం సహాయ కేంద్రాలు మొదలయ్యాయి. 2008లో బహుళ సంస్కృతుల కుటుంబాల సహాయ చట్టం వచ్చింది. ఇప్పుడు దేశమంతటా ఇలాంటి కేంద్రాలు రెండువందలకు పైగా ఉన్నాయి. 2009లో న్యాయ మంత్రిత్వ శాఖ సామాజిక సమ్మేళన కార్యక్రమం ప్రారంభించింది. అందులో మొదట 15 గంటల ప్రాథమిక దశ, ఆ తర్వాత వందేసి గంటల నాలుగు దశల భాషా బోధన, చివరగా కొరియా సమాజం గురించిన పాఠాలు ఉంటాయి. పూర్తిచేసిన వారికి పౌరసత్వం, శాశ్వత నివాసం తేలికవుతాయి. వలస వచ్చినవారికి ఇంత వ్యవస్థీకృతంగా భాష నేర్పే ఏర్పాటు చాలా దేశాల్లో లేదు.

కాబట్టి ఏర్పాటు ఉందా లేదా అని అడిగితే సరిపోదు. అది ఎవరిని ఏ గుమ్మం గుండా లోపలికి రానిస్తుందో చూడాలి.

2008 చట్టం దృష్టిలో 'బహుళ సంస్కృతుల కుటుంబం' అంటే దంపతుల్లో ఒకరు కొరియా పౌరులై ఉండాలి. ఇద్దరూ విదేశీయులైన దంపతులు, ఒంటరిగా వచ్చిన శ్రామిక స్త్రీలు అందులోకి రారు. ఈ నిర్వచనాన్ని విస్తరించమని జాతివివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి కమిటీ 2012లోనే కొరియాకు చెప్పింది. అంత ఇరుకైన నిర్వచనం ఎందుకు? చరిత్ర చూస్తే తెలుస్తుంది. పల్లెల్లోని ఆడపిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం నగరాలకు వెళ్లిపోయారు. సేద్యం చేసే మగవాళ్లకు పెళ్లికూతుళ్లు కరువయ్యారు. వియత్నాం, చైనా, ఫిలిప్పీన్స్, కంబోడియాల నుంచి వధువులను తెచ్చుకునే మగవాళ్లకు కొన్ని స్థానిక ప్రభుత్వాలు డబ్బు సాయం కూడా చేశాయి. జననాల రేటు 2023 నాటికి 0.72కు పడిపోయిన దేశం అది. ఇంటికి కోడలు, దేశానికి తల్లి కావాలి. ఆ కోడలికి, ఆ తల్లికి రెండు ముక్కలు మాట్లాడటం రావాలి. భాషా బోధన ఈ అవసరంలోంచి పుట్టింది. స్త్రీకి తన కోసం భాష కావాలన్న ఆలోచన అక్కడ మొదటి వరసలో లేదు.

పోనీ, గుమ్మం తెరిచినవారికైనా లోపలికి నడిచే వీలుందా? మండల కేంద్రంలోనో జిల్లా కేంద్రంలోనో తరగతి ఉంటుంది. ఊరి నుంచి రోజుకు నాలుగైదు బస్సులు మాత్రమే ఉంటే, రెండు గంటల పాఠం కోసం ఒక పూట పోతుంది. నాట్ల కాలంలో, కోతల కాలంలో ఆ పూట ఇంటివాళ్లు ఇవ్వరు. పసిపిల్లను ఎవరు చూస్తారు? అత్తగారు ఏమంటుంది? బయటికి వెళితే తోటి దేశపు ఆడవాళ్లతో కలిసి 'చెడిపోతుంది', పారిపోతుంది అనే అనుమానం ఒకటి. దూరం కిలోమీటర్లలో కొలిచేదని మగవాళ్లు అనుకుంటారు. ఆడవాళ్లకు అది అనుమతుల్లో కొలవబడుతుంది.

దీనికి పరిష్కారంగా ఇంటికే టీచర్‌ను పంపే పథకం పెట్టారు. కదలలేని స్త్రీకి అది మేలే. కానీ ఇంట్లో పాఠం అంటే అత్తగారి ఎదుట పాఠం. పుస్తకం తెరిచి "నాకు ఒంట్లో బాగాలేదు" అనే వాక్యం నేర్చుకోవచ్చు గాని, "నన్ను కొడుతున్నాడు" అనే వాక్యం నేర్చుకోవడం కష్టం. తరగతి గది విలువ వ్యాకరణంలోనే లేదు. తనలాంటి పదిమంది ఆడవాళ్లను కలిసి, ఎవరికి ఏ కష్టం వస్తే ఏం చేశారో వినే చోటు అది. సంఘం పుట్టేది అలాంటి చోటే.

2007లో చోనాన్‌లో పంతొమ్మిదేళ్ల వియత్నాం అమ్మాయిని కాపురానికి వచ్చిన కొద్ది కాలానికే భర్త కొట్టి చంపాడు. చనిపోయే ముందు ఆమె అతనికి ఒక ఉత్తరం రాసింది. ఆమెకు వచ్చిన భాషలో, అంటే వియత్నామీలో రాసింది. 2019లో దక్షిణ జియోల్లా రాష్ట్రంలోని యోంగాంలో ఒక భర్త రెండేళ్ల బిడ్డ ఎదుటే వియత్నాం భార్యను కొట్టిన వీడియో దేశాన్ని కుదిపింది. ఆమెకు కొరియన్ సరిగా రాదన్నది అతను చెప్పుకున్న కారణాల్లో ఒకటి. భాష రాకపోవడం వల్ల హింస జరిగిందని మనం ఒప్పుకోకూడదు. హింసకు కారణం పితృస్వామ్యం. భాష బాగా వచ్చిన కొరియన్ స్త్రీలూ దెబ్బలు తింటున్నారు. కానీ దెబ్బ తిన్న స్త్రీకీ చట్టానికీ మధ్య భాష ఉంది. పోలీసు వచ్చినప్పుడు ఆమె తరఫున మాట్లాడేది భర్తే అయితే ఆ ఫిర్యాదు ఏమవుతుంది? విడాకుల తర్వాత దేశంలో ఉండాలంటే చాలాసార్లు తప్పు భర్తదని ఆమె కొరియన్ కాగితాల్లోనే రుజువు చెయ్యాలి.

2014 నుంచి పెళ్లి వీసాకు ప్రాథమిక కొరియన్ రావాలనే షరతు పెట్టారు. దంపతులిద్దరికీ తెలిసిన మరో భాష ఉంటే మినహాయింపు ఉంది. అది స్త్రీల రక్షణ కోసమే అన్నారు. కావచ్చు. అయితే ఆమె భాష నేర్చుకునే బాధ్యత అతనికెందుకు లేదు? పెళ్లి ఇద్దరిది, భాష భారం మాత్రం ఒకరిది.

ఇక శ్రామిక స్త్రీలు. 2004లో మొదలైన ఉపాధి అనుమతి విధానం కింద నేపాల్, కంబోడియా, వియత్నాం మొదలైన దేశాల నుంచి కార్మికులు వస్తారు. రావడానికి కొరియన్ పరీక్ష తప్పనిసరి. వచ్చాక మరింత నేర్చుకునే సమయం మాత్రం ఎవరూ ఇవ్వరు. వ్యవసాయ కూలీలకైతే కార్మిక ప్రమాణాల చట్టం 63వ అధికరణం ప్రకారం పనిగంటలు, వారాంతపు సెలవుల నిబంధనలే వర్తించవు. 2020 డిసెంబరు చలిలో పోచోన్‌లో ఒక కంబోడియా స్త్రీ ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ లోపల వేసిన నివాసంలో ప్రాణాలు విడిచింది. అలాంటి చోట్ల బతికేవాళ్లకు ఆదివారం పాఠాలు చెప్పినవి విదేశీ కార్మికుల సహాయ కేంద్రాలు. తొమ్మిది ప్రధాన కేంద్రాలకూ 2024 బడ్జెట్‌లో నిధులు తీసేశారు. 2023 చివరికి అవి ఆ రూపంలో ముగిసిపోయాయి. తర్వాత కొన్నిచోట్ల స్థానిక ప్రభుత్వాల ద్వారా సేవలు నడిచినా, ఏళ్ల తరబడి కార్మికులు నమ్మకంగా వెళ్లిన గుమ్మం ఒకసారి మూసుకుపోతే మళ్లీ ఆ నమ్మకం కూడగట్టడం తేలిక కాదు.

మన తెలుగు స్త్రీలు కూడా ఈ కథలో ఉన్నారు. డేజియాన్, పొహాంగ్, ఉల్సాన్, గ్వాంగ్జూల్లోని పరిశోధనా సంస్థలకు భర్తలతో పాటు వెళ్లినవాళ్లు. వీళ్లలో ఎం.ఎస్సీ.లు, ఇంజనీరింగు చదివినవాళ్లు ఎందరో. ఆధారిత వీసా మీద వెళ్లిన భార్యకు విడిగా అనుమతి లేనిదే ఉద్యోగం చేసే హక్కు లేదు. భర్తకు లేబొరేటరీలో ఇంగ్లీషు చాలు. కూరగాయల అంగడి, పిల్లల డాక్టరు, బాలవాడి టీచరు మాత్రం కొరియన్‌లో మాట్లాడతారు. వాళ్లందరితో వ్యవహరించేది ఆమె. పెళ్లిచేసుకుని వచ్చినవారికోసం పెట్టిన కేంద్రం ఆమె కోసం కాదు. సమ్మేళన కార్యక్రమంలో చేరవచ్చు గాని, చిన్న ఊళ్లో ఆ దశకు చాలినంతమంది చేరకపోతే తరగతే తెరవరు. ఆపదలో ఉన్న వలస స్త్రీల కోసం పెట్టిన దానూరి సహాయ కేంద్రం 13 భాషల్లో పలుకుతుంది. అందులో తెలుగూ లేదు, హిందీ లేదు. ఆమెకు దిక్కు ఇంగ్లీషే.

దొరికిన పాఠంలో ఏముందన్నదీ మనం చూడాలి. కొరియన్‌లో గౌరవ వాచకాలు కుటుంబంలోని అంతస్తులను మోస్తాయి. పెళ్లికాని భర్త తమ్ముణ్ణి 'దొర్యోన్నిమ్' అని పిలవాలి. ఒకప్పుడు అది యజమాని ఇంటి చిన్నదొరను పిలిచే మాట. భార్య తమ్ముడికి మాత్రం అలాంటి గౌరవమేమీ లేదు. ఈ పిలుపులను మార్చాలని కొరియా స్త్రీలే అడుగుతున్నారు. వాళ్లు వదిలించుకోవాలనుకుంటున్న మాటలను విదేశీ కోడలి చేత మొదటి పాఠంలోనే వల్లె వేయించడం ఏం న్యాయం? ఇంకొకటి. పుస్తకం సియోల్ భాష నేర్పుతుంది. అత్తగారు జియోల్లా యాసలోనో గ్యోంగ్సాంగ్ యాసలోనో మాట్లాడుతుంది. పాఠం చదివీ ఇంట్లో మూగగా నిలబడే కోడలి బాధ, బడి భాషకూ ఇంటి భాషకూ మధ్య నలిగిన మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో పాఠాలున్నాయి, ఫోన్ అనువదిస్తుంది, ఇక తరగతులెందుకు అంటారు. 2020లో కోవిడ్ వచ్చాక ఆన్‌లైన్ తరగతులు పెరిగిన మాట నిజమే. అవి మారుమూల ఊళ్లకు మేలు చేశాయి. వాటిని ఉంచాలి. కానీ ఫోన్ ఎవరి చేతిలో ఉంది, ఆ గంటలో తలుపు వేసుకుని కూర్చునే గది ఎవరికుంది అనే ప్రశ్నలు ఫోన్‌తో తీరవు. ప్రసవం నొప్పుల్లో ఉన్న మనిషి ఫోన్ చూపించి మాట్లాడలేదు.

"వచ్చినవాళ్లే కష్టపడి నేర్చుకోవాలి" అనేవాళ్లు మరికొందరు. వాళ్లు నేర్చుకోమని ఎవరన్నారు? నేర్చుకోవడానికే కదా దారి వెతుకుతున్నది. ఆ పల్లెల పొలాలు, గ్రీన్‌హౌస్‌లు, వృద్ధుల సంరక్షణ ఈ స్త్రీల శ్రమ మీదే ఆధారపడుతున్నప్పుడు, భాష నేర్పడం దానం కాదు, బాకీ తీర్చడం.

కాబట్టి అడగవలసినవి ఇవి. భాషా బోధన పెళ్లికీ వీసాకీ సంబంధం లేకుండా, దేశంలో నివసించే ప్రతి మనిషికీ అందాలి. పదిమంది చేరినా ముగ్గురు చేరినా తరగతి నడవాలి. తరగతి ఉన్నచోట శిశుసంరక్షణ, రానుపోను రవాణా ఉండాలి. యజమాని వారానికి కొన్ని గంటలు జీతంతో కూడిన వ్యవధి ఇవ్వాలి. పాఠ్యపుస్తకాల్లో అత్తింటి మర్యాదలకన్నా ముందు జీతం చీటీ, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్ ఉండాలి. ఆ పుస్తకాలు రాసేటప్పుడు వలస వచ్చిన స్త్రీలు ఆ బల్ల చుట్టూ కూర్చోవాలి. ఆసుపత్రిలో, కోర్టులో భర్తను దుబాసీగా ఒప్పుకోవడం ఆగాలి.

కొరియా 1984లోనే స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. వలస కార్మికుల హక్కులపై 1990 నాటి ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు. రెండింటి మధ్య ఉన్న ఆ ఖాళీలో, బస్సు రాని ఊళ్లో, వలస స్త్రీ నిలబడి ఉంది. ఆమె అడుగుతున్నది తన నోటితో తన మాట చెప్పుకునే వీలు. అది ఇవ్వకుండా సమ్మేళనం గురించి మాట్లాడే అర్హత ఏ రాజ్యానికీ లేదు.