జాలి దగ్గరే ఆగిపోకండి
ఎథిక్స్ పేపర్‌లో కరుణకు ఉదాహరణ అడిగితే 'అమ్మ జబ్బు పడింది, అందుకే సేవ ఎంచుకున్నాను' అని రాసి ఆపేస్తాం. అది ఆరంభం మాత్రమే.

ఐడా స్కడర్‌ని చూడండి. జబ్బుపడిన తల్లి కోసం 1890లో అమెరికా నుంచి తమిళనాడులోని తిండివనం వచ్చారు. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ప్రసవానికి ఆమె సాయం అడిగారు. డాక్టరైన ఆమె తండ్రిని మాత్రం, మగవాడని వద్దన్నారు. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె వైద్యం చదివి 1900లో వెల్లూరులో చికిత్స మొదలుపెట్టారు. తానొక్కరే చాలరని 1918లో మహిళలకు వైద్య పాఠశాల తెరిచారు.

తల్లి జబ్బు ఆమెను రప్పించింది. డాక్టర్‌ని చేసింది పరాయివాళ్ల చావులు. మీ జవాబులోనూ, రేపటి ఉద్యోగంలోనూ ఇదే ప్రశ్న వేసుకోండి: మా ఇంటి బాధ పక్కింట్లో రాకుండా నేనేం ఏర్పాటు చేస్తాను?