తల, తోక కలవని పాము

తమిళనాడులోని ధర్మపురి వైపు నడుము పక్కన నీటి పొక్కులు బారుగా లేస్తే తమిళులు అక్కి అంటారు, తెలుగువాళ్లు సర్పి అంటారు. పేరు ఏదైనా భయం ఒకటే: పాము చుట్టుకుంటోంది, తల, తోక కలిస్తే మనిషి దక్కడు. అందుకే ముందు కుమ్మరి దగ్గరికి వెళ్లి పొక్కుల మీద కావి మన్నుతో బొమ్మలు రాయిస్తారు. డాక్టరు సంగతి తర్వాత.

సర్పి తెచ్చేది చిన్నప్పుడు ఆటలమ్మ పోయించిన వైరస్సే. శాస్త్రవేత్త థామస్ వెల్లర్ 1950లలో రెంటి వైరస్‌నూ ప్రయోగశాలలో పెంచి, ఒకటేనని తేల్చాడు. ఆటలమ్మ తగ్గాక అది వెన్ను పక్కనున్న నాడీకణాల్లో దాగి, ఒంట్లో శక్తి సన్నగిల్లినప్పుడు ఒక నాడి వెంట చర్మానికి దిగుతుంది. ఆ నాడి ఒంటికి ఒక పక్కకే పోతుంది కనుక పొక్కులూ మామూలుగా నడిమధ్యన ఆగిపోతాయి, బొమ్మ రాసినా రాయకపోయినా.

"వేపాకు కట్టాం, అమ్మవారికి అన్నీ చేశాం, మళ్లీ ఎందుకొచ్చింది?" అని పెద్దవాళ్లు అడుగుతారు. శాపం అన్న జవాబు వెంటనే దొరుకుతుంది. అసలు జవాబు దానికన్నా ఎంతో అద్భుతమైనది. ఆటలమ్మ వైరస్ హెర్పిస్ కుటుంబానిది; ఈ కుటుంబం ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం ఉండిపోతుంది. అందులో ఎప్‌స్టీన్-బార్ వైరస్ సంగతే చూడండి. రక్షక కణాల పోరు శ్రుతిమించి మన కణజాలాన్నే కాల్చేయకుండా ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రొటీన్ "ఇక చాలు" అని సంకేతమిస్తుంది. 1990లో శాస్త్రవేత్తలు దాని జన్యువును చదివితే, దాదాపు అలాంటిదే ఈ వైరస్‌లోనూ కనిపించింది! తహసీల్దారు ముద్ర కాజేసి ఉత్తర్వులు రాసినట్టు, శత్రువే మన మాటతో మన సేనను ఆపుతోంది. అదే కుటుంబంలోని సైటోమెగలో వైరస్ చేసే నకలు మన ప్రొటీన్‌తో పావువంతుకు కాస్త మించి మాత్రమే కలుస్తుంది, అయినా అదే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆటలమ్మ వైరస్ మరో దారి తొక్కుతుంది: "నాలో శత్రువు ఉంది" అని కణం పైకి చూపే గుర్తులను అణిచేస్తుంది. ఇంత నేర్పున్న జీవి మొక్కు చెల్లించలేదని అలిగి వచ్చిందనుకోవడం మన బుద్ధికే అన్యాయం.

కావి రాయిస్తే తగ్గిందిగా అంటారు. తగ్గుతుంది. ఏమీ చేయకపోయినా పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో మానతాయి. పేరు మాత్రం బొమ్మకు దక్కుతుంది. తరతరాలుగా ఈ నమ్మకం నిలబడింది ఇలాగే. కుమ్మరి మీద నాకు కోపం లేదు, ఆయన తాతల నుంచి వచ్చిన పని చేస్తున్నాడు. నా బాధంతా చేజారే సమయం గురించే. ఎసైక్లోవిర్ లాంటి మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే ముసలివాళ్లలో కొందరికి పొక్కులు మానినా నాడి నెలల తరబడి మండుతూనే ఉంటుంది. చొక్కా తగిలినా ఓర్చుకోలేరు.

మశూచి 1975లో టీకాలకు లొంగి దేశం వదిలింది. అమ్మవారి పేరు మాత్రం ఆటలమ్మకు మిగిలింది. ఆటలమ్మకూ, సర్పికీ కూడా ఇప్పుడు టీకాలున్నాయి. ధర్మపురిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. నుదుటి మీదో, ముక్కు కొన మీదో పొక్కు లేస్తే మాత్రం రేపటిదాకా ఆగకూడదు, ఆ సర్పి కంటిచూపునే తీసేయగలదు.