అటక మీద ఆకాశవాణి

పొలం పంచుకోవడం తేలిక. సర్వేయర్ని పిలిచి రాళ్లు పాతిస్తే ఎవరిది వాళ్లు దున్నుకుంటారు. బంగారానికి తూకం ఉంది. బ్యాంకులో డబ్బుకు ఆ మాత్రం తంటా కూడా లేదు. మరి తండ్రి ముచ్చటపడి పోగుచేసిన పాత రేడియోలను ఎలా పంచుకోవాలి? ఎవరికి ఏది? అమ్మితే ఎంత? అమ్మడం అసలు న్యాయమేనా?

తెనాలిలో మాకు తెలిసిన ఓ కుటుంబానికి సరిగ్గా ఈ చిక్కే వచ్చిపడింది. ఇంటిపెద్ద హైస్కూల్లో సైన్సు మాస్టారు. ట్రాన్సిస్టర్లు, ఆ వెనకే టీవీలు వచ్చి ఊళ్లో వాళ్లంతా తమ వాల్వు రేడియోలను అటకెక్కిస్తుంటే, మాస్టారు వాటిని ఒక్కొక్కటే దించుకొచ్చుకున్నారు. కొన్ని కొన్నారు. కొన్ని ఊరికే ఇచ్చారు. ఒకటి రెండింటికి బదులుగా వాళ్ల పిల్లలకు లెక్కలు చెప్పారు. ఆయన పోయేనాటికి ఇంట్లో 31 సెట్లున్నాయి. పెద్దకొడుకు డల్లాస్‌లో, చిన్నకొడుకు హైదరాబాద్‌లో, కూతురు రాజమండ్రిలో. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. మూడు నెలల్లో ఖాళీ చేయాలి.

పాత సామాన్లు కొనేవాడు వచ్చి చూసి, మొత్తానికి పన్నెండు వేలన్నాడు. పెద్దకొడుకు ఫోన్లోనే ఇంతెత్తున లేచాడు. ‘అవి నాన్న ప్రాణం. ఒక్కటి కూడా కదపడానికి వీల్లేదు’ అన్నాడు. చిన్నకొడుకు ‘నా ఫ్లాట్‌లో చెప్పులు పెట్టుకోవడానికే చోటు లేదన్నయ్యా’ అన్నాడు. కూతుర్ని ఎవరూ అడగలేదు. మాస్టారి భార్య మాత్రం తేల్చి చెప్పేశారు. ‘నలభై ఏళ్లు వాటి దుమ్ము తుడిచింది నేను. ముందు బయటికి పంపండి’ అని.

గమనించారా? ఇలాంటి వస్తువుల మీద మమకారం దూరంగా ఉన్నవాళ్లకే ఎక్కువ ఉంటుంది. దగ్గరుండి దుమ్ము తుడిచినవాళ్లకు వాటి బరువు తెలుసు. ఇద్దరిలో ఎవరిదీ తప్పని అనలేం. కానీ నిర్ణయం తీసుకునేటప్పుడు మొదట వినాల్సింది రెండోవాళ్ల మాట.

పాత రేడియోకి మూడు ధరలుంటాయి. మొదటిది తూకం ధర. అందులో ఉన్న రాగి, ఇనుము, కర్రకి ఇచ్చేది. రెండోది సేకరణకారుడి ధర. మూడోది ఇంటి ధర. దాని ముందు కూర్చుని ఆదివారం మధ్యాహ్నం సినిమా విన్నవాళ్లు, దాని పక్కనే అన్నం తిన్నవాళ్లు మనసులో వేసుకునే ధర అది. గొడవలన్నీ ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి. పాత సామాన్లవాడు మొదటి ధర చెబితే, కొడుకు మూడో ధర మనసులో పెట్టుకుని కోప్పడతాడు. మధ్యలో ఉన్న రెండో ధర ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సింది దాన్నే.

ముందుగా ఒక చేదు నిజం. పాతదైనంత మాత్రాన విలువ రాదు. ఫిలిప్స్, మర్ఫీ, బుష్ లాంటి కంపెనీల సెట్లు యాభైల్లో, అరవైల్లో మన దేశంలో ఇంటింటికీ చేరాయి. నోటి మీద వేలు పెట్టుకున్న మర్ఫీ బాబు బొమ్మ ఎన్ని ఇళ్ల గోడల మీద ఉండేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎక్కువగా అమ్ముడైనవి కాబట్టి ఎక్కువగానే మిగిలాయి. అలాంటి మామూలు సెట్టుకి లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చేది వేలల్లోనే. ఆ వేలలో తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. చెక్కపెట్టె చెదపట్టకుండా ఉందా? స్టేషన్ల పేర్లు రాసి ఉన్న డయల్ గాజు పగలకుండా ఉందా? నాబ్‌లన్నీ మొదటివేనా? వెనక అట్ట ఉందా? ఈ వెనక అట్టను చాలామంది తీసి పారేస్తారు. చాలా సెట్లకు మోడల్ నంబరు ఉండేది దాని మీదే. కొన్ని సెట్లలో స్టేషన్ సరిగ్గా కుదిరినప్పుడు ఆకుపచ్చ వెలుగు దగ్గరకొచ్చే ‘మ్యాజిక్ ఐ’ ఉంటుంది. అది వాడేకొద్దీ మసకబారుతుంది. ఇంకా కాంతిగా వెలుగుతోందంటే అడిగేవాళ్లు ఎక్కువే.

సెట్టు ఎప్పటిదో తెలుసుకోవడానికి నిపుణుడే రానక్కర్లేదు. డయల్ చదివితే చాలావరకు తెలిసిపోతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. కాబట్టి డయల్ మీద విజయవాడ పేరుంటే ఆ సెట్టు అంతకంటే పాతది అయ్యే అవకాశం లేదు. మద్రాసు ఉండి, ఢిల్లీ పక్కనే లాహోర్, ఢాకా కూడా మన స్టేషన్లలాగే కనిపిస్తుంటే దేశ విభజనకు ముందుదేమోనని చూడాలి. మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది 1938లో. అంకెల పక్కన కిలోసైకిల్స్ అని ఉంటే పాతది. కిలోహెర్ట్జ్ అని ఉంటే చాలావరకు 1960 తర్వాతది. హెర్ట్జ్ అనే కొలమానం అంతర్జాతీయంగా ఖాయమైంది ఆ ఏడాదే. ‘యూకేడబ్ల్యూ’ అన్న అక్షరాలుంటే అది జర్మన్ సెట్టు. వాళ్ల భాషలో ఎఫ్‌ఎంకి ఆ పేరు. గ్రుండిగ్, టెలిఫుంకెన్ సెట్ల మీద కనిపిస్తుంది.

మాస్టారి ఇంట్లో ఈ పని చేసింది కూతురు. సెట్లు దించి, గుడ్డతో తుడిచి, ఒక్కోదాని డయలూ చదివి, నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంది. అప్పుడు బయటపడ్డాయి, రెండు సెట్ల వెనక దాచిన రేడియో లైసెన్సు పుస్తకాలు. ఈ తరం పిల్లలకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. రేడియో వినడానికి లైసెన్సు ఉండాలని, ఏటా పోస్టాఫీసుకు వెళ్లి ఫీజు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలని ఒకప్పుడు నిబంధన. 1980ల దాకా అది కొనసాగింది. ఆ పుస్తకంలో యజమాని పేరు, ఊరు, సెట్టు కంపెనీ అన్నీ ఉంటాయి. సేకరణకారులకు అది సెట్టు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కాగితం. అది జతగా ఉన్న సెట్టుకి ధర పెరుగుతుంది. తల్లి పక్కన కూర్చుని ‘ఇది ఫలానా కరణంగారింటిది, ఇది వాళ్లమ్మాయి పెళ్లికి కొన్నది’ అని చెబుతుంటే కూతురు అదీ రాసుకుంది. దుమ్ము తుడిచినావిడకే ఏ సెట్టు ఎక్కడిదో తెలుసు. ఫోన్లో కోప్పడ్డ కొడుక్కి తెలియదు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. అటక దించిన రేడియోని ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అని తిన్నగా ప్లగ్గులో పెట్టకండి. లోపలున్న పాత కండెన్సర్లు ఏళ్ల తరబడి వాడకపోతే పాడైపోతాయి. ఒక్కసారిగా కరెంటు తగిలితే అవి పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. నలభై ఏళ్లు భద్రంగా ఉన్న సెట్టు నాలుగు నిమిషాల్లో పోతుంది. వాల్వు సెట్లో రెండు వందల వోల్టులకు పైగా ఉంటుంది. ఏసీ డీసీ రెండింటికీ పనికొచ్చేలా చేసిన కొన్ని సెట్లలో లోపలి ఇనప చట్రానికే కరెంటు పాకుతుంది. నాబ్ ఊడి ఇరుసు బయటికి కనిపిస్తుంటే ముట్టుకున్నా షాక్ కొడుతుంది. తెలిసిన మెకానిక్ అయితే కండెన్సర్లు పరీక్షించి, బల్బుని సిరీస్‌లో కలిపి మెల్లగా కరెంటు ఇస్తాడు. అలాంటి మెకానిక్‌లు ఇప్పుడు తక్కువే అయినా, హైదరాబాద్ పాతబస్తీ లాంటిచోట్ల ఇంకా కనిపిస్తారు. ఎవరూ దొరక్కపోతే ‘పరీక్షించలేదు’ అని చెప్పి ఉన్నదున్నట్టు అమ్మడమే మంచిది. అలాగే కొత్త వార్నిషు, రంగు జోలికి పోవద్దు. మెరిసే పెట్టె కంటే మొదటి పూత మిగిలిన మాసిన పెట్టెకే కొనేవాడు ఎక్కువిస్తాడు.

ఇక వాటాల మాట. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన హక్కు. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ ఒక వాటా. ఇది ఇళ్లకు, పొలాలకే కాదు, సామాన్లకూ వర్తిస్తుంది. ‘పాత రేడియోలే కదా’ అని ఆడపిల్లకు చెప్పకుండా అమ్మేస్తే అది మర్యాదా కాదు, చట్టమూ ఒప్పుకోదు. కొందరికి ఇంకో భయం ఉంటుంది, పాత వస్తువులు అమ్మడానికి ప్రభుత్వ అనుమతి కావాలేమోనని. 1972 నాటి పురావస్తు చట్టం వర్తించేది మామూలుగా వందేళ్లు దాటిన వస్తువులకు. మన దేశంలో క్రమం తప్పని ప్రసారాలు మొదలైందే 1927లో. మీ తాతగారి మర్ఫీకి ఆ బెంగ అక్కర్లేదు.

అమ్మకంలో పెద్ద కిటుకు ఒకటుంది. మాస్టారింటికి నగరం నుంచి ఒకాయన కారులో వచ్చాడు. 31 సెట్లూ చూసి, జర్మన్ సెట్టు ఒకటి, మ్యాజిక్ ఐ ఉన్నవి రెండు, పెద్ద చెక్కపెట్టె మర్ఫీ ఒకటి, మొత్తం నాలుగు ఏరాడు. వాటికి ముప్పై వేలు అప్పటికప్పుడు ఇస్తానన్నాడు. పాత సామాన్లవాడు మొత్తానికీ ఇస్తానన్నదానికి ఇది రెండున్నర రెట్లు. చిన్నకొడుకు సరేననబోయాడు. కూతురు ఆపింది. మీగడ తీసేశాక మిగిలిన పాలు ఎవరు కొంటారు? మంచివి నాలుగూ పోతే మిగతా ఇరవై ఏడింటి కోసం ఎవరూ తెనాలి రారు. అందుకే జాబితా, ఫోటోలు తయారయ్యేదాకా ఏదీ ఇవ్వకూడదు. ఒక మంచి సెట్టుతో పాటు రెండు మామూలువి తీసుకోవాలని బేరం పెట్టొచ్చు. బొత్తిగా పాడైనవాటిని కూడా పారేయకూడదు. వాటిలో వాల్వులు, నాబ్‌లు, డయల్ గాజు ఇంకో సెట్టుకి ప్రాణం పోస్తాయి.

ఫోన్లో బేరమాడే రోజులు కాబట్టి ఇంకో జాగ్రత్త. ‘డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అది మోసం. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొడితే పోయేది మన డబ్బే. పార్శిల్‌లో పంపాల్సి వస్తే వాల్వులు తీసి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టి, విడిగా చుట్టి పంపాలి.

చివరికి మాస్టారి ఇంట్లో ఇలా తేలింది. అమ్మకానికి ముందు పిల్లలు ముగ్గురూ తలా ఒకటి తీసుకున్నారు. పెద్దకొడుకు జర్మన్ సెట్టే తీసుకుంటాడనుకున్నారంతా. అమెరికాలో వోల్టేజీ వేరు, మోసుకెళ్లడం కష్టం అని తండ్రి పేరున్న లైసెన్సు పుస్తకం ఒక్కటీ పట్టుకెళ్లాడు. చిన్నకొడుకు షెల్ఫులో పట్టే చిన్న బేకలైట్ సెట్టు తీసుకున్నాడు. కూతురు ఏరుకున్నది అన్నిటికంటే తక్కువ ధర పలికే మామూలు సెట్టు. చిన్నప్పుడు ఆమె పడుకునే మంచం పక్కన ఉండేదట. అయిదు సెట్లు విడిభాగాల కింద ఒక మెకానిక్‌కి ఇచ్చేశారు. మిగతావి అపార్ట్‌మెంటు పని మొదలయ్యాక కూడా కొన్నాళ్లు బంధువులింట్లో ఉండి, ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. మొత్తం మీద పాత సామాన్లవాడు చెప్పిన దానికి అయిదు రెట్లకు పైగా వచ్చింది. నాలుగు వాటాలు చేసుకున్నారు. లక్షాధికారులెవరూ కాలేదు. కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోగలుగుతున్నారు. వారసత్వం విషయంలో అది చిన్న లాభం కాదు.

తండ్రి వస్తువులు అమ్మడం తప్పా అని అడిగేవాళ్లకు ఒక మాట. ఆకాశవాణి చాలాచోట్ల మీడియంవేవ్ ట్రాన్స్‌మిటర్లను ఇప్పటికే మూసేసి ఎఫ్‌ఎం వైపు వెళ్తోంది. మన ఇళ్లలోని వాల్వు సెట్లలో చాలావాటికి ఎఫ్‌ఎం లేదు. గాలిలో ఏదైనా పాట మిగిలి ఉండగానే వాటిని పలికించగలిగిన చేతుల్లో పెట్టడమే వాటికి చేసే మేలు. గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంచితే చెదపురుగులకు తప్ప ఎవరికీ గౌరవం కాదు. మీ ఇంట్లోనూ ఒకటి ఉంటే ఈ ఆదివారం దించి చూడండి. ప్లగ్గు పెట్టకుండా డయల్ చదవండి. అమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎక్కడిదో, ఎలా వచ్చిందో ఒక కాగితం మీద రాయండి. అమ్మినా ఉంచుకున్నా ఆ కాగితం పనికొస్తుంది.

మాస్టారి సెట్టు కొన్న ఒకాయన దాన్ని బాగుచేయించి, పలికిన రోజు ఫోన్ చేసి వినిపించాడట. కూతురు కళ్లు తుడుచుకుంటూ స్పీకర్ పెట్టి తల్లి దగ్గరికి పట్టుకెళ్లింది. పెద్దావిడ వంటింట్లో తన చిన్న ట్రాన్సిస్టర్ వింటూ వంకాయలు తరుగుతున్నారు. ఆ ట్రాన్సిస్టర్ జాబితాలో ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. ఆవిడ తలెత్తి రెండు నిమిషాలు శ్రద్ధగా విన్నారు. ‘బాగానే పాడుతోంది. కాస్త సౌండ్ తగ్గించమను, మీ నాన్న కూడా ఇంతే’ అన్నారు.