లోటును దాచు లెక్కలు

అప్పును దాచిన సంసారమును, రోగమును దాచిన దేహమును ఒక్క తీరుననే చెడును. కొట్టులో పద్దు వ్రాయించి తెచ్చిన సరకును జమాఖర్చులో చూపక, ఈ నెల సొమ్ము మిగిలినదని మురియు గృహస్థును చూచి ఇల్లాలు నవ్వును. ఆ పనినే ప్రభుత్వము చేసినచో, అది ఆర్థికశాస్త్రమని మనము గౌరవించుచున్నాము!

అప్పు గాక ఇతరవిధముల వచ్చు ధనమునకు మించి ప్రభుత్వము వెచ్చించు మొత్తమే ద్రవ్యలోటు. బడ్జెటు దీనిని ముందుగా అంచనా వేయును. అంచనా తప్పుట నేరము గాదు. 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 3.5 శాతమనుకొన్న లోటు 9 శాతము దాటుటకు కోవిడ్ మహమ్మారి ముఖ్యకారణము. అట్టి తప్పును ఎవరు నిందింతురు? అంచనాను నిలుపుకొనుటకై లెక్కను వంచుటయే నింద్యము.

2018-19 సంగతి చూడుడు. ఏడాది ముగియుటకు రెండు నెలలే మిగిలియుండగా, 2019 ఫిబ్రవరిలో, మొత్తపు పన్నుల రాబడి 22.48 లక్షల కోట్ల రూపాయలుండునని సవరించిన అంచనాలలో వ్రాసిరి. వచ్చినది 20.80 లక్షల కోట్లు. అయినను లోటు మాత్రము చెప్పిన 3.4 శాతముననే నిలిచెను! ఈ యింద్రజాలమునకు ముఖ్యసాధనము ఆహార సబ్సిడీ. 1.71 లక్షల కోట్లని వ్రాసికొన్న పద్దున ఖజానా యిచ్చినది 1.01 లక్షల కోట్లే. తక్కిన భారమును భారత ఆహార సంస్థ జాతీయ చిన్నమొత్తముల పొదుపు నిధినుండి అప్పు తెచ్చి మోసెను. తపాలా కచేరీలలో మనము దాచుకొను సొమ్ము చేరునది ఆ నిధికే. తీర్చవలసినది ప్రభుత్వము, పేరు మాత్రము సంస్థది.

2021 బడ్జెటులో ఈ పద్ధతిని మాని, బాకీలను లెక్కలోనికి తెచ్చిరి. మెచ్చవలసినదే. కాని ఇష్టముచే మానిన అలవాటు ఇష్టమైనపుడు మరల రాగలదు. రాష్ట్రములును వెనుకబడలేదు. తెలంగాణమున కాళేశ్వరము కార్పొరేషను, ఆంధ్రమున రాష్ట్రాభివృద్ధి సంస్థ బడ్జెటు వెలుపల అప్పులు తెచ్చినవే. ఖజానానుండి తీర్చు ఇట్టి అప్పులను రాష్ట్రముల అప్పుగనే గణింతుమని 2022లో కేంద్రము చెప్పవలసివచ్చెను.

రాజధనమును అధికారులు హరించు నలువది ఉపాయములను కౌటిల్యుడు అర్థశాస్త్రమున లెక్కించెను. ముందు చేరినదానిని వెనుకను, వెనుక చేరినదానిని ముందును వ్రాయుట అందులో నొకటి. ఆయన అపహరణమన్న చేతిపనినే నేడు నేర్పుగా ఎంచుచున్నారు.

నిజము చెప్పినచో ఋణదాతలు బెదరుదురని కొందరి వాదము. గ్రీసును చూచిన పిమ్మట ఈ మాట చెల్లదు. 2009 లోటు నాలుగు శాతమునకు లోపేయని మొదట చూపిరి. ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము మారగనే అది 12 శాతము దాటునని తేలెను. తుదిలెక్కలో 15 శాతము మించెను. 2010లో ఆ దేశము పరుల సాయమునకై చేయి చాపెను. ఋణదాతలను తరిమినది నిజము గాదు, నిజము దాగియుండుట.

కావున మూడు పనులు జరుగవలెను. ఎవరి పేరున తెచ్చినను, ఖజానానుండి తీర్చవలసిన ప్రతి అప్పును లోటులో చేర్చవలెను. ప్రతి బడ్జెటుతోడను గడచిన యేండ్ల అంచనాలను, వాస్తవపు లెక్కలను ప్రక్కప్రక్కన నిలిపి, భేదమునకు కారణము చెప్పవలెను. అంచనాలను పరీక్షించు స్వతంత్రమండలి నొకదానిని చట్టముచే స్థాపింపవలెను. బ్రిటనులో అట్టిది 2010లో ఏర్పడినది. మనకును కావలెనని ఎన్.కె. సింగ్ సంఘము 2017లోనే చెప్పినది.

పాఠకులారా, ఇది పండితుల గొడవయని పుట త్రిప్పకుడు. నేడు పద్దున కెక్కని అప్పు రేపు మన బిడ్డల పన్నులలో కెక్కును. ఓటడుగ వచ్చినవారిని, ఏమి యిత్తురని అడుగుటకు ముందు, ఎంత బాకీ యున్నదని అడుగుడు.