నల్ల జుట్టుకు గురువులు కావాలి

పొగరంగు కలిసిన గోధుమ వన్నె జుట్టుతో ఉన్న హీరోయిన్ ఫొటోను ఫోన్‌లో చూపించి, "అచ్చం ఇదే షేడ్ కావాలండీ" అని అడిగే అమ్మాయి ఇవాళ కరీంనగర్ పార్లర్‌కీ వస్తోంది, గుంటూరు పార్లర్‌కీ వస్తోంది. ఆమెది కారునలుపు జుట్టు. ఆ నలుపు నుంచి ఆ షేడ్‌కి దారి లేకపోలేదు, కానీ నడుమ మూడు మజిలీలున్నాయి. బ్లీచ్ పనిచేసేకొద్దీ ముందు ఎరుపు బయటపడుతుంది, తర్వాత నారింజ, ఆపైన పసుపు. ఎక్కడ ఆగాలో, ఆగినచోట దేనితో దేన్ని అణచాలో తెలిస్తేనే ఫొటోలోని షేడ్ తలమీదికి వస్తుంది. నారింజను నీలం అణుస్తుంది, పసుపును ఊదా, ఎరుపును ఆకుపచ్చ. ఇది తెలియని చేతుల్లో పడితే ఆ పిల్ల ఇత్తడి రంగు తలతో ఇంటికి పోయి, నెల తిరక్కుండా మళ్లీ నల్ల డై వేయించుకుంటుంది.

జుట్టుకు రంగు వేయడం సగం రసాయనశాస్త్రం, సగం చిత్రలేఖనం. ఆ రెండూ పట్టుబడినవాళ్లు మన ఊళ్లలో లేకపోలేదు. వాళ్లలో నేర్పేవాళ్లు తక్కువ. తెలుగులో, మన జుట్టు మీద, ఎందుకో ఏమిటో విప్పి చెబుతూ నేర్పేవాళ్లు మరీ తక్కువ. ఈ రంగంలో పేరు తెచ్చుకోవాలనుకునే యువతీయువకులకు నేను చూపగలిగిన అసలైన చోటు అదే.

ఆ మధ్య విజయవాడలో ఒక శిక్షణ తరగతి చూశాను. నేర్పుతున్నావిడ చాలా ఏళ్లు సెలూన్లలో రంగులు వేసి వచ్చిన మనిషి. ఒకే తల నుంచి కత్తిరించిన జుట్టును వేలెడు లావు కుచ్చులుగా కట్టి బల్లమీద పరిచారు. సగం కుచ్చులకు 20 వాల్యూమ్ డెవలపర్‌తో, అంటే 6 శాతం పెరాక్సైడ్‌తో కలిపిన బ్లీచ్. మిగతా సగానికి 30 వాల్యూమ్‌తో, అంటే 9 శాతంతో కలిపింది. పది నిమిషాలకొకసారి రెండు వరసల్లోంచీ చెరొక కుచ్చు తీసి, కడిగి, ఆరబెట్టి, తెల్లకాగితం మీద అంటించి పక్కన టైమ్ రాయించారు. తరగతి అయ్యేసరికి ఎదురుగా గోధుమ ఎరుపు నుంచి పసుపు దాకా మెట్లుమెట్లుగా కాగితం తయారైంది. "మేడమ్, 40 వేస్తే తొందరగా అయిపోతుంది కదా?" అనడిగింది ఇంట్లోనే పార్లర్ నడుపుకునే ఒకమ్మాయి. ఆవిడ కోప్పడలేదు. ముందే 40తో ఎక్కువసేపు ఉంచిన కుచ్చును తడిపి చేతికిచ్చి "లాగి చూడమ్మా" అన్నారు. రబ్బరులా సాగి పుటుక్కున తెగింది. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

నేర్పడమంటే అదీ. షేడ్ కార్డు బట్టీపట్టిన మనిషికి ఆ జవాబు తట్టదు.

ఈ వృత్తిలో చదువు చాలావరకు కంపెనీల చేతుల్లోనే పెరిగింది. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే యువ రసాయనవేత్త జుట్టు రంగు తయారుచేసి క్షౌరశాలలకు అమ్మాడు. 1909లో పెట్టిన ఆయన కంపెనీయే తర్వాత లోరియల్ అయింది. సరుకు కలపడం, పూయడం తెలిసిన చేతులు లేకపోతే సరుకు అమ్ముడుపోదని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అందుకే ఇవాళ మన నగరాల్లోనూ పెద్ద బ్రాండ్లు శిక్షకులను పెట్టుకుని తరగతులు నడుపుతాయి. వాటిని నేను తీసిపారేయను. కంపెనీ శిక్షకుడి ఉద్యోగం మంచి మెట్టు; రకరకాల తలలు, రకరకాల సెలూన్లు చూపిస్తుంది. అయితే అక్కడ పాఠం ట్యూబు దగ్గర మొదలై ట్యూబు దగ్గరే ముగుస్తుంది. జుట్టు దగ్గర మొదలయ్యే పాఠం వేరే ఎవరో చెప్పాలి.

అలా మొదలుపెడితే మన దగ్గర ఎంత సరంజామా ఉందో! తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది. వాటిలో పొడుగాటివి విదేశాల్లో విగ్గులు, ఎక్స్‌టెన్షన్లు తయారుచేసేవాళ్లకు చేరతాయి. నాణ్యత చూసుకునే తయారీదారులు హడావుడి పడకుండా రోజుల తరబడి ఆ నలుపును మెల్లమెల్లగా తీస్తారు, పోగు బలం పోకుండా బంగారు వన్నెకు తెస్తారు. మన జుట్టును పాడుచేయకుండా లేత రంగుకు తేవచ్చని లోకం నేర్చుకుంది. అదే జుట్టు మన తలమీద ఉన్నప్పుడు మాత్రం ఒక్క మధ్యాహ్నంలో అయిపోవాలంటున్నాం.

పైగా మన జుట్టుకు మనదైన అలంకారం ఉంది. విదేశీ వీడియోల్లో హైలైట్స్ వదిలేసిన జుట్టుకోసం వేస్తారు. మన అమ్మాయి వారంలో ఎక్కువ రోజులు జడ వేసుకుంటుంది. మూడు పాయల్లో ఒక పాయకే రంగు పడితే జడంతా ఒక్క తీరున మెలిక తిరుగుతూ వెలుగుతుంది. మూడింటికీ చెదురుగా పడితే మచ్చమచ్చలుగా కనిపిస్తుంది. కొప్పు చుట్టుకునే ఆవిడకు మెడ దగ్గర వేసిన రంగే పైకి కనిపిస్తుంది. కొబ్బరినూనె రాస్తే లేత రంగులన్నీ ఒక మెట్టు ముదిరి కనిపిస్తాయి. పెళ్లికూతురికి పూలజడ కింద ఎలాగూ కనపడని చోట బ్లీచ్ ఎందుకు? పాపిడి నడుమ తీసే మనిషికి ఒక లెక్క, పక్కపాపిడికి మరో లెక్క. ఇవేవీ నేను చూసిన శిక్షణ పుస్తకాల్లో లేవు. ఎవరో ఒకరు కూర్చుని, జడ వేసి విప్పి, మళ్లీ వేసి, కనిపెట్టి రాయాలి. సృజన అంటూ ఉంటే ఇక్కడే ఉంది. లండన్‌లో పుట్టిన సాసూన్ సెలూన్ల సంస్థలో దశాబ్దాలపాటు రంగుల విభాగాన్ని నడిపిన యానీ హంఫ్రీస్ పేరు నిలబడింది ఇలాంటి పనితోనే: కత్తిరింపు గీతను చూసి, ఆ గీత తేలేలా రంగు వేయడం.

ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. నల్ల డైలలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. ముఖం వాచి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. చెవి వెనకో, మోచేతి మడతలోనో కాస్త పూసి 48 గంటలు ఆగి చూడాలి. "నల్ల హెన్నా" పేరుతో దొరికే కొన్ని పొడుల్లోనూ ఈ పీపీడీయే ఉంటుంది. కొన్నిట్లో లోహ లవణాలు ఉంటాయి, వాటి మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి కాలిపోతుంది. ఒక పోగు మీద ముందు పరీక్ష చేయని చోట తల పెట్టవద్దు. రంగు వేసేవాళ్లకూ ముప్పు ఉంది. బ్లీచ్ పొడి పీల్చి ఆస్తమా తెచ్చుకున్నవాళ్లు, చేతులకు ఎగ్జిమా వచ్చి పని మానుకున్నవాళ్లు ఈ వృత్తిలో అన్ని దేశాల్లోనూ ఉన్నారు. గ్లవ్స్, గాలి ఆడే గది మొదటి పాఠం కావాలి. చాలాచోట్ల అవి చివరి పాఠంలో కూడా లేవు.

ఇక డబ్బు మాట. పేరున్న అకాడమీల్లో ఫీజులు లక్షల్లోకి పోతున్నాయి. తరతరాలుగా ఈ పనిచేసిన నాయీ బ్రాహ్మణ ఇళ్ల పిల్లలే అంత కట్టలేక బయట నిలబడుతున్నారు. ఆ కులంవాళ్లను కించపరిచిన సమాజమే, ఆ పనికి గ్లామర్ రాగానే సర్టిఫికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తోంది. నాకిది బాధగా ఉంది. ఒకే ఇంట్లో ఒకరు కత్తి పట్టి, ఒకరు గుడిలో సన్నాయి పట్టి, ఒకరు నాడి పట్టి వైద్యం చేసిన వంశాలవి. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం వాళ్లకు కొత్త కాదు. ఫీజు అడ్డం కాకపోతే ఏమవుతుందో చూడండి: ఇందాక చెప్పిన సాసూన్ సంస్థను పెట్టిన వైడల్ సాసూన్ లండన్‌లో పద్నాలుగేళ్లకు పని నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు వాళ్లమ్మ దగ్గర ఫీజుకు డబ్బు లేదు. వైట్‌చాపెల్‌లోని అడాల్ఫ్ కోహెన్ ఫీజు లేకుండానే చేర్చుకున్నాడు. ఆ పిల్లవాడు తర్వాత అకాడమీలు పెట్టి లోకానికే కటింగ్ నేర్పాడు.

తెలంగాణ ప్రభుత్వం 2021లో సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చింది. మంచి పని. దానితోపాటు చదువూ ఇవ్వవచ్చు. ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడు ఉంది. అందులో రంగుల పాఠాన్ని తెలుగులో, మన జుట్టు నమూనాలతో రాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు కూడా. రంగుల పని బాగా వచ్చినవాళ్లు ముందు తమ పనిని రాసిపెట్టుకోవాలి: ఎవరి జుట్టు, ఏ ట్యూబు ఎన్ని గ్రాములు, ఎంత డెవలపర్, ఎన్ని నిమిషాలు, కడిగాక ఏ రంగు, నెలకు ఏ రంగు. ఫొటో ఎప్పుడూ ఒకే వెలుతురులో తీయాలి. ఒక ఏడాది నోటుబుక్కు చాలు, పాఠ్యపుస్తకం అందులోంచే వస్తుంది. మన ఊళ్లలో చాలా సెలూన్లకు మంగళవారం సెలవు. ఆ రోజు కుర్చీలు, అద్దాలు, నీళ్ల కుళాయి, కరెంటు అన్నీ అక్కడే ఖాళీగా ఉంటాయి. పొద్దున పదింటికి షట్టర్ సగం ఎత్తి, పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి దగ్గర కటింగ్‌కు తీసుకునేంత ఫీజే తీసుకుని, మొదటి వారం కుచ్చుల కాగితంతో మొదలుపెట్టవచ్చు.