గ్రంథాలయపు పన్ను లెక్క యేది?

ద్రాక్షారామ భీమేశ్వరాలయమున చాళుక్యచోళుల కాలమునాటి శాసనములు వందలకొలది గలవు. అఖండదీపమున కెవ్వరెన్ని పశువుల నిచ్చిరో, నేతిని పోయు భారమెవ్వరిదో రాతిపై చెక్కబడియున్నది. దారిని బోవువాడు సైతము దానిని చదువుకొనవచ్చును. ఆ యూరి గృహస్థుడు నేడు తా నిచ్చు గ్రంథాలయపు పన్ను లెక్క నట్లు చదువగలుగుచున్నాడా?

1960 నాటి చట్టము క్రింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున పంచాయతీ ఈ పన్ను వసూలుచేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. రాష్ట్రమున అనేక స్థానికసంస్థలు ఈ సొమ్మును బకాయిపెట్టుచున్నవని గ్రంథాలయ సంస్థలు పలుమారులు మొఱపెట్టుకొన్నవి. ఇతర ఖర్చులకు వాడితిమను సమాధానమును మేమంగీకరింపజాలము. దీపమున కిచ్చిన నేతితో పిండివంటలు చేసికొందుమా?

1914 ఏప్రిల్ 10వ తేదిని బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను గ్రంథాలయ మహాసభ జరిగిననాటికి ఈ పన్ను లేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు చందాలెత్తియే గ్రంథాలయములను నిలిపిరి. మద్రాసు చట్టము 1948లో వచ్చినది. ఇక సర్కారే చూచుకొనునని మనము నిద్రపోయితిమి.

వార్షికపు లెక్కలను, ఆడిటు నివేదికను విచారించు నధికారమును 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామసభ కొసగినది. సభ యేటికి రెండుమార్లైనను జరుగవలెను. పఠనమందిరమున ఈ పత్రికను చదువు పెద్దలు పదిమంది పన్ను రసీదులు చేతబట్టి సభకు పోయి, వసూలైన దెంత, జమకట్టిన దెంత యని యడుగుదురుగాక! జవాబు రానిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవలెను. ముప్పది దినములలో ప్రత్యుత్తర మీయక తప్పదు. వ్రాయుట తెలియనివారు మా కార్యాలయమునకు రావచ్చును. ఉచితముగా వ్రాసిపెట్టెదము.