నాలుగు పాయింట్లు, ఒక పోస్టు

2023 అక్టోబర్ 1. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అగసర నందిని హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. వయసు 20. సికింద్రాబాద్‌లో చాయ్ అమ్మే తండ్రి బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీ విద్యార్థిని. రెండు రోజులు, ఏడు ఈవెంట్లు, 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్న బర్మన్ కన్నా నాలుగే ఎక్కువ.

ట్రాన్స్‌జెండర్ వల్ల తన పతకం పోయిందని స్వప్న ఎక్స్‌లో రాసింది. తర్వాత ఆ పోస్టు తీసేసింది. అప్పటికే అది దేశమంతా తిరిగింది. ఆధారాలుంటే చూపమని నందిని అడగాల్సి వచ్చింది. గెలిచినోళ్లే సంజాయిషీ ఇచ్చుకోవాలన్నమాట! (ట్రాన్స్‌జెండర్ అన్న మాటే తిట్టుగా చెలామణి కావడం ఇంకో అవమానం. దాని గురించి వేరుగా రాయాలి.)

స్వప్న మీద నాకు కోపం లేదు. ఆమె కూడా రిక్షా తొక్కిన తండ్రి కూతురే. ఆరేసి వేళ్లున్న పాదాలకు సరిపడే బూట్లు దొరకక నొప్పితోనే ఆడి 2018లో స్వర్ణం తెచ్చింది. నా కోపమంతా ఒక పేద పిల్ల ఓటమి బాధను పట్టుకుని ఇంకో పేద పిల్ల ఒంటి మీద పంచాయితీ పెట్టినవాళ్ల మీద. పరుగు నేర్పడానికి గురుకులాల్లో కోచ్‌లున్నారు. ఫోన్ నిండా అనుమానాలు, బూతులు వచ్చిపడిన రాత్రి ఆ పిల్ల పక్కన కూర్చునేదెవరు? కాలేజీనా, ఫెడరేషనా?

పతకం సంబరం కూడా తీరకుండానే, తల్లికి బాగాలేదని నందిని ఇంటికి బయల్దేరింది.